లెక్క రాసేవాడికి జీతమెందుకు అని నవ్వినవాళ్ళకు

ఈసారి పోస్టు పొడుగు. కాఫీ కలుపుకుని కూర్చోండి. పోయినసారి మాదిరి సగం చదివి బొటనవేలు గుర్తు పెట్టి పోవద్దు. కడదాకా చదివి తిట్టండి, నేను పడతాను. తెలుగులో తప్పులుంటే పెద్దవాళ్ళు దిద్దండి. ఎస్సెల్సీ దాకా తమిళ మీడియంలో చదివినవాణ్ని. ఇంట్లో మాట్లాడే తెలుగే తప్ప రాసే తెలుగు రిటైరైన తర్వాత మనమరాలి పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

విషయానికి వస్తాను. పోయిన ఆదివారం మన జనరల్ బాడీ మీటింగులో ఏమి జరిగిందో వచ్చినవాళ్ళకు తెలుసు. రానివాళ్ళ కోసం చెప్తాను. సంక్షేమ నిధిలో మిగిలిన డబ్బుతో మన పక్క ఊరి ఆస్పత్రికి ఒక వెంటిలేటర్ కొనిచ్చి, దాని మీద సంఘం పేరు రాయించాలని తీర్మానం పెట్టినారు. చప్పట్లు కొట్టినారు. అప్పుడు వెనక వరసలో నుంచి మన సభ్యుడి కూతురు లేచింది. ఐసీయూలో నర్సుగా పని చేసే అమ్మాయి.

"పెదనాయనా, మా ఐసీయూలో వెంటిలేటర్లు ఉన్నాయి. లేనిది లెక్క. ఎవరు ఏ రోగంతో వచ్చినారు, ఎంతమంది బతికి ఇంటికి పోయినారు, ఎంతమందికి లోపలికి వచ్చినాక కొత్తగా ఇన్‌ఫెక్షన్ పట్టింది, ఇదంతా రోజూ రాసిపెట్టేదానికి మనిషి లేడు. ఆ డబ్బు ఒక మనిషికి రెండేళ్ళ జీతంగా ఇస్తే మా ఐసీయూ కూడా దేశం రిజిస్ట్రీలో చేరుతుంది" అనింది.

హాలంతా నవ్వింది. మైకు పట్టుకున్న పెద్దాయన "ప్రాణం పోతా ఉంటే లెక్క రాసే గుమాస్తాకు జీతమా తల్లీ?" అన్నాడు. నవ్వు రెండింతలైంది. ఆ బిడ్డ తల దించుకుని కూర్చుండిపోయింది. తీర్మానం వచ్చే నెలకు వాయిదా పడింది.

నేను ముప్పై ఆరేళ్ళు రైల్వేలో గుమాస్తాను. అరక్కోణంలో చేరి అరక్కోణంలోనే రిటైరైనాను. ఆ రోజు రెండో వరసలో కూర్చుని ఉండి కూడా నోరు తెరవలేదు. ఆ అమ్మాయి చెప్పిందే సరి అని తెలిసి కూడా తెరవలేదు. ఈ పోస్టు దానికి నేను కట్టే జరిమానా అనుకోండి.

ముందు మా గుమాస్తా కులం సంగతి చెప్తాను. కాపలా లేని రైల్వే గేటు దగ్గర ప్రమాదం జరిగితే పేపర్లో ఒక రోజు ఫోటో వస్తుంది, మరుసటి రోజు మరిచిపోతారు. ఆఫీసులో మాత్రం ఒక కాగితం మిగులుతుంది. గేటు నంబరు, కిలోమీటరు, టైము, వచ్చిన బండి, మంచు ఉండిందా వాన ఉండిందా, ఎంతమంది పోయినారు. ఒక్కొక్క కాగితం చూస్తే ఏమీ తెలియదు. ఒక చోట ట్రాక్టర్ వాడిది తప్పు, ఒక చోట బస్సు డ్రైవరుది తప్పు, ఒక చోట విధి అంటారు. దేశమంతటి కాగితాలు ఒకదాని మీద ఒకటి పేర్చి కూడినప్పుడే ఆ గేట్లు ఏటేటా ఎంతమందిని మింగుతున్నాయో తెలిసింది. 2012లో అనిల్ కాకోద్కర్ కమిటీ లెవెల్ క్రాసింగులే ఉండకూడదని చెప్పింది. 2019 జనవరి నాటికి బ్రాడ్‌గేజ్ లైన్ల మీద కాపలా లేని గేట్లన్నీ ఎత్తేసినారు. ఆ గేటు దాటి ఈరోజు క్షేమంగా బడికి పోయే పిల్లవాడికి తన ప్రాణం కాపాడినవాళ్ళలో ఒక గుమాస్తా కూడా ఉన్నాడని తెలియదు. తెలియకపోతే పోనీ. నవ్వకుండా ఉంటే చాలు.

ఈ పనినే ఆస్పత్రి భాషలో ఎపిడెమియాలజీ అంటారు. కలరా, ప్లేగు మాదిరి ఊళ్ళను తుడిచిపెట్టే రోగాలను లెక్కపెట్టడంలో పెరిగిన శాస్త్రం. ఎవరికి వస్తున్నది, ఎక్కడ వస్తున్నది, ఏ నెలలో వస్తున్నది, ఏమి చేస్తే ఎంతమంది మిగిలినారు. ఒక డాక్టరు ఒక మంచం పక్కన నిలబడి చూడలేనిది వేల మంచాలను కలిపి చూడటం. ఇప్పుడు ఆ శాస్త్రం ఐసీయూ లోపలికి వచ్చింది. రావాల్సిన చోటికే వచ్చింది. ఎందుకంటే ఐసీయూలో డాక్టరుకు ఆలోచించేదానికి టైము తక్కువ, తప్పు చేస్తే దిద్దుకునేదానికి ఇంకా తక్కువ. ఏది ఎక్కువగా జరుగుతుందో, ఏది పని చేస్తుందో ముందే తెలిసి ఉండాలి.

ఇది నాకు పుస్తకాల్లో నుంచి రాలేదు. మా ఇంట్లో నుంచి వచ్చింది.

2009 నవంబరులో మా బావ పోయినాడు. మా అక్క మొగుడు. తిరుత్తణి దగ్గర రెండెకరాల చేను, వేరుశనగ వేసేవాడు. వానలు పడి గడ్డి ఏపుగా పెరిగిన కాలం. జ్వరం వచ్చింది. మొదట ఊరి డాక్టరు, ఐదు రోజులు. తర్వాత టౌన్లో డాక్టరు, మూడు రోజులు. టైఫాయిడ్ అన్నారు, డెంగ్యూ అన్నారు, మలేరియా రక్తం చూసినారు. తొమ్మిదో రోజు ఊపిరి ఆడటం లేదని పెద్ద ఆస్పత్రిలో ఐసీయూలో పెట్టినారు. వెంటిలేటర్ పెట్టినారు. వెంటిలేటర్ లేక మా బావ పోలేదు, అది గుర్తు పెట్టుకోండి. పూటకు వేల రూపాయల ఇంజెక్షన్లు పడినాయి. ఆరు రోజులు. అక్క ఒక ఎకరా అమ్మింది. ఆరో రోజు రాత్రి బయటికి పిలిచి చెప్పినారు.

ఇంటికి తెచ్చి స్నానం చేయించేటప్పుడు మొలతాడు కింద ఒక మచ్చ కనపడింది. చిన్నది, నల్లగా చెక్కు కట్టి, బీడీతో కాల్చినట్లు. మా చిన్నాయన "ఏదో పురుగు కుట్టింది" అన్నాడు. నీళ్ళు పోసినాము. అంతే.

చాలా ఏళ్ళ తర్వాత ఒక తమిళ పత్రికలో స్క్రబ్ టైఫస్ అనే జ్వరం గురించి చదివినాను. పొదల్లో, గడ్డిలో ఉండే, కంటికి సరిగా ఆనని చిన్న పురుగు కుడితే వస్తుంది. వానలు పడినాక, చలికాలంలో ఎక్కువ. కుట్టిన చోట నల్లటి చెక్కు కడుతుంది. పట్టించుకోకపోతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది. ముందే గుర్తుపడితే డాక్సీసైక్లిన్ అనే మాత్ర, టీ కొట్లో కాఫీ ధర కూడా ఉండదు. పక్కన ఫోటో వేసినారు. ఆ ఫోటో చూసి పేపరు మడిచి పెట్టినాను. అక్కకు చూపించలేదు.

మా బావకు వచ్చింది అదేనా? నేను చెప్పలేను. ఆ పరీక్ష చెయ్యలేదు. చావు సర్టిఫికెట్‌లో కారణం "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని ఉంది. అంటే గుండె, ఊపిరి ఆగినాయి అని. చచ్చిన ప్రతివాడికీ అవి రెండూ ఆగుతాయి కదా! రైలు ఎందుకు లేటయిందయ్యా అంటే చక్రాలు తిరగలేదు కాబట్టి అని నేను రిజిస్టరులో రాసి ఉంటే మా చీఫ్ క్లర్కు నన్ను ఆ పొద్దే సస్పెండ్ చేయించి ఉండేవాడు. మనిషి ప్రాణం విషయంలో మాత్రం ఆ రాత చెల్లుతుంది. మన సంఘంలో ఎవరి ఇంట్లోనైనా అట్లాంటి సర్టిఫికెట్ ఉంటే ఒకసారి తీసి చూడండి.

ఇప్పుడు కడుపు రగిలే సంగతి. మా బావ మంచం మీద ఉన్న ఆ ఏళ్ళలోనే, అక్కడికి రైల్లో గంటన్నర దూరంలో, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో డాక్టర్లు ఈ జ్వరం లెక్కే రాస్తా ఉన్నారు. జ్వరంతో వచ్చినవాళ్ళ ఒంటిని తలనుంచి కాలిదాకా వెతికి, చెక్కు ఎవరికి ఉంది, ఎక్కడ ఉంది అని రాసుకున్నారు. అందరికీ ఉండదని తేలింది. ఉన్నవాళ్ళలో మగవాళ్ళకు చంకల్లో, గజ్జల్లో, మర్మస్థానంలో ఎక్కువ. ఆడవాళ్ళకు రొమ్ము, పొట్ట భాగంలో ఎక్కువ అని తేలింది. అంటే బట్ట తీసి చూడకపోతే కనపడని చోట్లు. సిగ్గుతో రోగి చూపించని చోట్లు. డాక్టరు హడావిడిలో చూడని చోట్లు. ఎక్కడ వెతకాలో లెక్క చెప్పింది. ఆ లెక్క ప్రతి టౌన్ ఐసీయూ గోడ మీద ఒక బొమ్మగా ఉండి ఉంటే, మొలతాడు పక్కకు జరిపి చూడటానికి ఎంత సేపు పట్టేది?

దేశం మొత్తం మీద 2013, 2014 సంవత్సరాల్లో ముప్పైకి పైగా ఐసీయూలు కలిసి, వానాకాలపు జ్వరాలతో ప్రాణం మీదికి వచ్చి చేరినవాళ్ళను లెక్కపెట్టినాయి. డెంగ్యూ మొదటి స్థానం. రెండో స్థానం స్క్రబ్ టైఫస్. మన పెద్దమనుషులు ఎంతమంది ఈ పేరు విన్నారు? విదేశాల్లో రాసిన ఐసీయూ పుస్తకంలో ఈ జ్వరానికి ఒక మూల చోటుంటుంది. మన చేలల్లో పని చేసేవాడికి ఇదే మొదటి పేజీ కావాలి. ఇంకొకరి దేశపు లెక్కతో మన మంచం మీద వైద్యం చేస్తే ఇట్లాగే ఉంటుంది.

వెల్లూరు వాళ్ళు అక్కడ ఆగలేదు. దేశంలోని ఏడు ఆస్పత్రుల్లో, ముదిరిన స్క్రబ్ టైఫస్‌తో వచ్చిన దాదాపు 800 మందిని మూడు గుంపులు చేసి, రెండు పాత మందులను విడివిడిగా, కలిపి ఇచ్చి చూసినారు. 2023లో ఫలితం వచ్చింది. చావు, తగ్గని చిక్కులు, దిగని జ్వరం మూడూ కలిపి చూస్తే ఒక్కొక్క మందు ఒంటరిగా ఇచ్చినవాళ్ళలో నూటికి 47, 48 మందికి చెడు జరిగింది. రెండూ కలిపి ఇచ్చినవాళ్ళలో నూటికి 33 మందికి. చావులు ఒక్కటే విడదీసి చూస్తే పెద్ద తేడా లేదు, ఆ మాట కూడా దాచకుండా రాసినారు. నాకు నచ్చింది అదే. లెక్క రాసేవాడు దాచకూడదు.

ఇంక మన వెంటిలేటర్ దగ్గరికి వస్తాను. మిషను గొప్పది, కాదనను. కానీ మిషను దానంతట అది ప్రాణం పొయ్యదు. ఊపిరితిత్తులు దెబ్బతిని వాచిపోయినవాడికి ఒక్కో ఊపిరికి ఎంత గాలి తోయాలి? చాలా కాలం పెద్ద పెద్ద ఊపిర్లు తోసినారు. రక్తంలో ఆక్సిజన్ నంబరు అందంగా కనపడేది. డాక్టరుకు తృప్తి, ఇంటివాళ్ళకు తృప్తి. 2000లో అమెరికాలో 861 మంది మీద లెక్క తీసినారు. ఎత్తును బట్టి ఉండాల్సిన బరువుకు కిలోకు 12 మిల్లీలీటర్ల గాలి తోసినవాళ్ళలో నూటికి దాదాపు 40 మంది పోయినారు. 6 మిల్లీలీటర్లు తోసినవాళ్ళలో 31 మంది. అదే మిషను, అదే మంచం. తిప్పాల్సిన మీట ఒక్కటి. నూటికి తొమ్మిది ప్రాణాలు తేడా! పెద్ద ఊపిరి లోపల ఊపిరితిత్తిని చింపుతా ఉంటే, మంచం పక్కన నిలబడిన ఎంత తెలివైనవాడికైనా అది కంటికి కనపడలేదు. లెక్కకు కనపడింది.

అప్పటితో అందరూ మారిపోయినారా? అది కూడా లెక్కపెట్టినారు. 2014లో 50 దేశాల్లో 459 ఐసీయూల్లో ఒక నెల పాటు చూసినారు. ఐసీయూలో చేరిన పదిమందిలో ఒకరికి ఆ ఊపిరితిత్తుల జబ్బు ఉంది. ఉన్న పదిమందిలో నలుగురి విషయంలో అది ఆ జబ్బేనని డాక్టర్లు గుర్తుపట్టనే లేదు. ఇది వెనకబడిన ఊరి ఆస్పత్రుల కథ కాదు, ధనిక దేశాల పెద్ద ఆస్పత్రులూ అందులో ఉన్నాయి. వెంటిలేటర్లు ఉన్నాయి, డాక్టర్లు ఉన్నారు. లెక్క పెట్టేదాకా ఆ నలుగురు ఎవరికీ కనపడలేదు. మనం కొనిచ్చే వెంటిలేటర్ ఆ నలుగురిలో ఎవరికి తగిలించినా సంఘం పేరు మాత్రం బాగా మెరుస్తుంది.

ఇంకొక ఉదాహరణ. అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో వందకు పైగా ఐసీయూలు కలిసి ఒక పని చేసినాయి. మెడలో, ఛాతీ పైన పెద్ద రక్తనాళంలోకి వేసే గొట్టం ద్వారా రోగికి ఇన్‌ఫెక్షన్ పడుతుంది. అది తగ్గించేదానికి ఐదు పనులు. చేతులు కడుక్కోవాలి. గొట్టం వేసేటప్పుడు రోగిని పూర్తిగా శుభ్రమైన గుడ్డతో కప్పి, వేసేవాళ్ళు టోపీ, మాస్కు, గౌను వేసుకోవాలి. చర్మాన్ని సరైన మందుతో తుడవాలి. వీలైతే తొడ దగ్గర వెయ్యకూడదు. అవసరం తీరగానే గొట్టం పీకెయ్యాలి. ఇందులో ఏ డాక్టరుకు తెలియనిది ఏముంది? కానీ చేస్తున్నారా లేదా, ప్రతి వెయ్యి గొట్టం రోజులకు ఎన్ని ఇన్‌ఫెక్షన్లు అని నెలనెలా రాసి, చేసినవాళ్ళ ముందే పెట్టినారు. సగటున వెయ్యికి 7.7 ఉండేది, ఏడాదిన్నరలో 1.4కు దిగింది. కొత్త మందు లేదు, కొత్త మిషను లేదు. సబ్బు, గుడ్డ, రిజిస్టరు.

ఇప్పుడు మీ అభ్యంతరాలు ఒక్కొక్కటిగా తీసుకుంటాను. మీటింగ్ అయినాక టీ దగ్గర విన్నవే.

మొదటిది. "ఏ ఆస్పత్రిలో ఎంతమంది చచ్చినారో లెక్క తీస్తే మంచి ఆస్పత్రికే చెడ్డ పేరు వస్తుంది, ముదిరిన కేసులన్నీ అక్కడికే పోతాయి కదా." ఈ మాట అన్నాయన తెలివైనవాడు. జవాబు రైల్వేలోనే ఉంది. ప్రతి స్టేషనులో ఆగే ప్యాసింజరును, ఎక్స్‌ప్రెస్‌ను పక్కపక్కన పెట్టి ఏది లేటు అని మేము అడగము. ఏ బండిని దాని టైంటేబుల్‌తోనే పోలుస్తాము. ఐసీయూలో కూడా అట్లాంటి టైంటేబుల్ ఉంది. 1981లో అమెరికాలో విలియం నాస్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు అపాచీ అనే స్కోరు తయారుచేసినారు. రోగి వచ్చినప్పటి జ్వరం, బీపీ, ఊపిరి, రక్తపరీక్షలు, వయసు, పాత జబ్బులు చూసి మార్కులేస్తారు. ఆ మార్కులను బట్టి ఇట్లాంటి వందమందిలో ఎంతమంది పోయే అవకాశం ఉందో అంచనా కడతారు. అంచనా ముప్పై, పోయినవాళ్ళు ఇరవై అయితే ఆ ఐసీయూ బాగా చేస్తున్నట్లు. అంచనా పది, పోయినవాళ్ళు ఇరవై అయితే ఎక్కడో తప్పు జరుగుతున్నట్లు. రెండు చోట్లా చచ్చింది ఇరవై మందే. లెక్క తెలియనివాడికి రెండూ ఒకటే.

రెండోది. "పరిశోధన అంటే మనవాళ్ళను ఎలుకలు చెయ్యడమే." ఈ భయాన్ని నేను ఎగతాళి చెయ్యను. సంతకం ఎందుకు పెడుతున్నామో చెప్పకుండా పెట్టించుకునేవాళ్ళు ఉన్నారు. అడగండి. దేనికి, ఎవరు చూస్తారు, పేరు బయటికి పోతుందా, వద్దంటే వైద్యం ఆపుతారా అని గట్టిగా అడగండి. జవాబు చెప్పనివాడికి సంతకం పెట్టొద్దు. కానీ ఒక సంగతి చెప్తాను, 2021 ఏప్రిల్, మే నెలలు గుర్తు తెచ్చుకోండి. రెమ్‌డెసివిర్ కోసం చెన్నై కీల్పాక్ మెడికల్ కాలేజీ దగ్గర జనం పగలూ రాత్రీ క్యూ కట్టినారు. మన గ్రూపులోనే చందాలెత్తి బ్లాకులో కొనిచ్చినాము, నేనూ ఇచ్చినాను. అంతకు ఆరు నెలల ముందే, మన దేశం కూడా పాల్గొన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలో ఆ మందుతో చావులు తగ్గినట్లు కనపడలేదు. 2022లో వచ్చిన ఆఖరి లెక్కలో కూడా ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళకు కొద్దిపాటి లాభమే, వెంటిలేటర్ దాకా పోయినవాళ్ళకు లాభం లేదు.

ఆ సమయంలోనే ఇంకొక మందు మన వీధి మెడికల్ షాపులో చిల్లర డబ్బులకు పడి ఉంది. డెక్సామెథసోన్. 2020 మార్చిలో బ్రిటన్ ఆస్పత్రులు కోవిడ్ రోగుల మీద లెక్క మొదలుపెట్టి, జూన్‌లో జవాబు చెప్పినాయి. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళలో మామూలు వైద్యంతో నూటికి 41 మంది పోతే, ఆ మందు ఇచ్చినవాళ్ళలో 29 మంది పోయినారు. ఆక్సిజనే అక్కరలేని వాళ్ళకు మాత్రం దానితో లాభం కనపడలేదు. ఆ రెండో వాక్యం మనం చదవలేదు. ఇంట్లో కూర్చుని చిన్న జ్వరానికే స్టెరాయిడ్ మింగినవాళ్ళు ఎంతమంది! 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చి కళ్ళు పోయినవాళ్ళ కథలు విన్నాము కదా. అదుపులో లేని షుగరు, అడ్డగోలుగా వాడిన స్టెరాయిడ్లు అందుకు దారి తీసినాయి. బ్రిటన్ మూడు నెలల్లో జవాబు ఎట్లా తీయగలిగింది? ఆరు వేలకు పైగా రోగులు, వాళ్ళ ఇంటివాళ్ళు సరే అన్నారు కాబట్టి. వాళ్ళు సరే అన్న ఫలం మనము తిన్నాము. ఎలుకలు అని వాళ్ళను ఎవరూ అనలేదు.

మూడోది. "ఇదంతా గవర్నమెంటు చెయ్యాలి, కార్పొరేట్ ఆస్పత్రులు చెయ్యాలి, మనకెందుకు." వాళ్ళు చెయ్యాల్సిందే. కానీ మన దేశంలో మొదలైన కొన్ని మంచి పనులు కిందనుంచి మొదలైనాయి. 2019లో చెన్నై డాక్టర్లు ముందుండి ఐరిస్ అనే ఐసీయూ రిజిస్ట్రీ మొదలుపెట్టినారు. శ్రీలంకలో అంతకు ముందే నడుస్తున్న పద్ధతిని తెచ్చుకుని మన ఆస్పత్రులకు తగ్గట్లు మార్చుకున్నారు. ఇందులో పెద్ద నగరాల ఆస్పత్రులే మిగిలితే, ఆ లెక్కలో మా బావ మాదిరి వాళ్ళు ఎప్పటికీ రారు. చేను గట్టున పురుగు కుట్టినవాడు, పొలం మందు తాగినవాడు, పాము కరిచినవాడు మొదట చేరేది మన పక్క ఊరి ఐసీయూలో. అక్కడ లెక్క లేకపోతే వాళ్ళు దేశం లెక్కలో లేనట్లే. లెక్కలో లేనివాడి కోసం ఎవరూ మందు వెతకరు.

మనకు తెలియనిది కాదు ఇది. తరతరాలుగా ఈ గడ్డ మీద ఉంటూ, జనాభా లెక్కలోళ్ళు ఇంటికి వచ్చినప్పుడు మాతృభాష గడిలో "తెలుగు" అని చెప్పి రాయించండి అని ఈ సంఘమే ఇంటింటికీ తిరిగింది కదా? ఎందుకు తిరిగినాము? లెక్కలో లేకపోతే బడి లేదు, వాజ్యం లేదు, మనిషే లేడు అని తెలిసి. భాషకు ఒక న్యాయం, ప్రాణానికి ఒక న్యాయమా?

నాలుగోది, అసలుది. దీన్ని ఎవరూ పైకి అనలేదు, నేనే అంటాను. వెంటిలేటర్ మీద పేరు రాయొచ్చు. రిబ్బను కత్తిరించొచ్చు. ఫోటో వస్తుంది. జీతం తీసుకుని రిజిస్టరు రాసే పిల్లవాడి నుదుటి మీద సంఘం పేరు రాయలేము. అంతే కదా అడ్డం? అయితే మొహమాటం లేకుండా చెప్పండి, ఆ పిల్లవాడి టేబుల్ ముందు ఒక బోర్డు పెట్టిద్దాము. బోర్డు ఖర్చు నా పెన్షన్లో నుంచి ఇస్తాను.

నేను లెక్కే సర్వస్వం అనడం లేదు. రాసిన లెక్కను చూసి తన అలవాటు మార్చుకునే డాక్టరు లేకపోతే అది చిత్తు కాగితమే. నలుగురు రోగులకు ఒక నర్సు ఉండే చోట లెక్క రాసే మనిషి నర్సు పని తీర్చలేడు. తప్పుడు లెక్క లెక్క లేకపోవడం కంటే చెడ్డది, అది రైల్వేలో చూసినాను. అందుకే నా ప్రతిపాదనలో షరతులు ఉన్నాయి. జీతం మనం ఇస్తాము. ఆ ఆస్పత్రి రిజిస్ట్రీలో చేరాలి. ఆరు నెలలకు ఒకసారి, పేర్లు లేకుండా, ఎంతమంది చేరినారు, ఏ జబ్బులు, ఎంతమంది బతికినారు, అంచనాతో పోలిస్తే ఎట్లా ఉంది, ఎన్ని ఇన్‌ఫెక్షన్లు అనే ఒక పేజీ మన సంఘానికి చెప్పాలి. తప్పు కనపడితే ఏమి మార్చినారో కూడా చెప్పాలి. రెండేళ్ళలో ఆ పేజీలు రాకపోతే మిగిలిన డబ్బుతో మీ వెంటిలేటర్ కొనండి, నేనే వచ్చి చప్పట్లు కొడతాను.

అక్కకు ఇప్పుడు డెబ్బై రెండేళ్ళు. సంక్రాంతికి పోయినప్పుడల్లా ఏదో ఒక మాట మధ్యలో అడుగుతుంది. "ఏమి జ్వరంరా అది, పదిహేను రోజుల్లో మనిషిని ఎత్తుకుపోయింది?" అని. ముప్పై ఆరేళ్ళు రిజిస్టర్లు రాసినవాణ్ని, ఏ బండి ఏ తేదీ ఎన్ని నిమిషాలు లేటో అడిగితే చెప్పేవాణ్ని. అక్క అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. ఎవరూ రాయలేదు కాబట్టి లేదు.

వచ్చే నెల మీటింగుకు అందరూ రండి. మొదట ఆ నర్సు బిడ్డకు మైకు ఇవ్వండి. ఈసారి ఎవరైనా నవ్వితే నేను కూర్చుని ఉండను.

ఇట్లు,
మీ గుమాస్తా